తండ్రి ఛాతీ మీద కిలోన్నర బిడ్డ

అప్పట్లో నేను కొత్తగూడెం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. బరువు తక్కువ బిడ్డ పుడితే మాకు ఒకటే పద్ధతి: దూదిలో చుట్టి బల్బు కింద పడుకోబెట్టడం. కరెంటు పోతే ఇక దూదే.

ఒకసారి నన్ను ఖమ్మంలో శిక్షణకు పంపారు. మిగతావాళ్లెవరూ ఖాళీగా లేరు. చిన్న బిడ్డను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచితే వెచ్చగా ఉంటుందని పరిశోధనల్లో తేలిందని అక్కడ చెప్పారు. కాగితాలూ ఇచ్చారు. వాటిని మా హెడ్ సిస్టర్ చదవకుండానే బీరువాలో పెట్టి తాళం వేసింది, పోకుండా ఉంటాయని.

నెల తిరక్కుండానే ఒక బొగ్గుగని కార్మికుడి భార్యకు ముందే కాన్పయింది. ఆడపిల్ల, కిలోన్నర. తల్లి చలిజ్వరంతో మంచం అదిరేలా వణుకుతోంది. పొద్దున పదింటికి కరెంటు పోయింది. బిడ్డ పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. నాకు భయం వేసింది. వరండాలో ఉన్న తండ్రిని పిలిచాను.

"అంగీ విప్పయ్యా."

"నాకేం రోగం లేదు సిస్టర్."

"బిడ్డను నీ ఛాతి మీద కడ్త. వెచ్చగుంటది."

"నాకు పాలు రావు కద!"

"పాలు తల్లియి పిండి చెంచతోని తాపుతం. నీ ఒంటి వేడి చాలు."

అతను చేతిపంపు దగ్గర సబ్బుతో రుద్దుకొని వచ్చాడు. బిడ్డను అతని ఛాతీకి ఆనించి, తల్లి చీరతో కట్టాను. వార్డులో ఆడవాళ్లంతా గోడవైపు తిరిగారు. ఒకామె మాత్రం తిరగలేదు.

అంతలో హెడ్ సిస్టర్ వచ్చింది. "ఏంది గిది? ఆడోళ్ల వార్డుల మొగోడు అంగి లేకుండ కూసునుడేంది?"

"తల్లికి చాతగాకుంటే ఇంట్లోళ్లు ఎవరైనా చెయ్యొచ్చన్నరు మేడం."

"మొగోడని రాసిన్రా?"

"ఎవరైనా అని రాసిన్రు. కాగితం మీ బీరువలనే ఉన్నది."

ఆమె తాళం తీసి, నిలబడే మొత్తం చదివింది. తిరిగొచ్చి బిడ్డకు థర్మామీటరు తనే పెట్టింది. గంట తర్వాత మళ్లీ పెట్టింది. వేడి పెరిగింది. అతనితో "కదలకు" అంది. అతను దగ్గడానికి కూడా జంకాడు.

మూడోరోజుకు తల్లికి జ్వరం దిగింది. బిడ్డను ఇవ్వమని చేతులు చాపింది. "ఇప్పుడే పన్నది. లేవనియ్యి," అన్నాడు అతను. నాకు ఉన్నట్టుండి బయట ఏదో పని గుర్తొచ్చింది.

బిడ్డ బరువు పెరిగి ఇంటికి వెళ్లింది. కొన్నాళ్లకు ఇంకో చిన్న బిడ్డ పుట్టాడు. హెడ్ సిస్టర్ వరండాలోకి వెళ్లి, "తండ్రెవరు? జల్ది రా," అని కేకేసింది.

"తల్లి మంచిగనే ఉన్నది మేడం," అన్నాను.

"ఉండనియ్యి. ఆమెను జర తిననియ్యి," అంది.