పొంగు పిస్టన్

మా పాత బండి మీద నాకున్న హక్కు పెట్రోలు పోయించడం వరకే. మిగతాదంతా మా బావలదీ మావలదీ. పెళ్లిచూపులకైనా, అక్కుపల్లి చేపలకైనా అదే పోయేది. చివరికి పొగ కక్కి కూలబడితే పలాసలో ఇంజను విప్పించాను.

మెకానిక్ రెండు పిస్టన్లు నా ముందు పెట్టాడు. ఒకదాని తల చదునుగా ఉంది, రెండోదాని తల పైకి పొంగి ఉంది.

"పొంగుది ఏత్తే పెట్రోలు, గాలి గట్టిగా నొక్కుకుని కంప్రెషన్ పెరుగుతాది. బండి గుర్రంలాగ పోతాది. కానీ కిక్కు కొడితే ఎదురు తంతాది మావా. మన రోడ్లకి సదునుదే సాలు, సూసుకో," అన్నాడు.

ఎదురు తంతుందని అనగానే ఆ పిస్టన్ మీద మనసు పడ్డాను. ఉద్దానం రోడ్ల మీద కొబ్బరికాయల ఆటోల వెనక గుర్రం ఏపాటి పరుగెడుతుందో నాకు తెలియక కాదు. తన్నే బండిని ఎవడు అడుగుతాడు? పొంగుదే వేయించాను.

వారం తిరక్కుండా మా బావ వచ్చి తాళం అడిగాడు. నవ్వుతూ ఇచ్చాను. ఆయన కిక్కు కొట్టాడు, అది తిరిగి కొట్టింది. కుంటుకుంటూ వెళ్లి అరుగు మీద కూర్చుని పిక్క రుద్దుకున్నాడు. లోపల పండగ చేసుకుంటూ పైకి అయ్యో అన్నాను.

"దీన్ని లొంగదీసేవోడివి నువ్వొక్కడివే బావా," అన్నాడు. "అయితే ఏటి? సొక్కా ఏసుకో, టెక్కలి పోవాల."

అప్పటినుంచి మా చుట్టాలు బండితో పాటు నన్నూ అడిగి తీసుకుపోతున్నారు. పెట్రోలు మాత్రం ఇప్పటికీ నాదే.