మూలలు మింగిన లెన్సు

గురువారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ ఫోటోతో పాటు కెమెరా తన లోపల రాసిపెట్టుకున్న సమయం అది. అప్పటికి నాకు అక్షరాలు రావు గానీ, బస్సు నంబర్లు నేర్పిన అంకెలు మాత్రం వచ్చు. ఆ రోజుల్లో కొత్తగూడలో ఫ్లైఓవర్ లేదు, నాకు బుద్ధీ లేదు. ఫ్లైఓవర్ తర్వాత వచ్చింది. (బుద్ధి సంగతి మా ఆవిడను అడగాలి.) వయసు నలభై తొమ్మిదైనా పనిలో ఇంకా పసివాణ్ణే. మా బామ్మర్ది నార్సింగి వైపు పెళ్ళిళ్ళు తీస్తుంటే పక్కన లైటు పట్టుకుని నిలబడేవాణ్ణి. కెమెరా నా చేతికొచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. అటువంటివాడికి ఓ అద్దాల మేడలో కంపెనీ గ్రూపు ఫోటో తీసే పని దొరికింది. అది నా గొప్ప కాదు. అక్కడ హౌస్‌కీపింగ్ చేసే మా ఆవిడ అడ్మిన్ సారును నెలరోజులు సతాయించి ఇప్పించింది.

ఎందుకు సతాయించిందో చెప్పాలి. ఆ మేడకు పునాది తీసేనాడు తట్టలో మట్టి మోసింది ఆమే. మేడ లేచాక దాని నేల తుడిచిందీ ఆమే. పనివాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేవాళ్ళు కాబట్టి, అన్నేళ్ళలో ఆ మేడ దగ్గర ఆమె ఉన్నట్టు ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు కంపెనీ మేడ ఖాళీ చేసి పోతోంది. శుక్రవారం నుంచి పనివాళ్ళ కాంట్రాక్టు కూడా లేదు, ఎవరి దారి వారిది. "నేనీడ ఉన్ననని ఒక్క నిశాని కావాలె. అందర్లతోటి కలిసి, మెట్ల మీద నిలబడి. ఇంకేం అడుగుత లేను నిన్ను," అంది. నిజమే, అంతకుముందు ఏమీ అడగలేదు. అడిగితే నేనిచ్చేవాణ్ణనే నమ్మకం లేక కాబోలు.

నేను ఊరుకుంటానా? పెద్ద పనికి పెద్ద కెమెరా ఉండాలని ఫుల్ ఫ్రేమ్ కెమెరా కిరాయికి తెచ్చాను. వెడల్పు లెన్సు మాత్రం బామ్మర్దిని అడిగి తీసుకున్నాను. ఇస్తూ వాడు చెప్పనే చెప్పాడు. "బావా, ఇది చిన్న సెన్సార్ కెమెరాకు చేసిన లెన్సు. నీది ఫుల్ ఫ్రేమ్, పెద్ద సెన్సార్. లెన్సు రింగు పదహారు మీద పెడితే ఫికర్ లేదు, నిండుగ వస్తది. ఇంక వెడల్పు కావాలని పదకొండుకు తిప్పినవనుకో, మూలలు మింగుతది. చిన్న దీపం ముంగట పెద్ద చాప పరిచినట్టు, అంచులకు వెలుగు అందదు. సమజైందా?" సమజైందన్నాను. లెన్సు అరువిచ్చినవాడు నాలుగు ముక్కలు పాఠం కూడా చెబుతాడులే అని మనసులో అనుకుని, ఆ నాలుగు ముక్కలూ అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ పొద్దున మా ఆవిడ బంతిపూల రంగు చీర కట్టుకుని, అందరికంటే ముందు వచ్చి, మెట్ల నడిమధ్య నిలబడింది. కుర్చీలు వచ్చాయి, కుర్చీల్లోకి పెద్దలు వచ్చారు, వెనక ఉద్యోగులు బారులు తీరారు. మనుషులు పెరుగుతున్నారు, మెట్లు పెరగవు కదా. అప్పుడు, అయ్యలారా అమ్మలారా, నేనే అన్నాను, "జర పక్కకు జరుగు" అని. ఆమె జరిగింది. "ఇంకొంచెం." జరిగింది. "ఇంకొంచెం." ఎడమవైపు చిట్టచివరికి చేరింది. అక్కడ అప్పటికే చాయ్ పెద్దమ్మ, నోటీసక్క ఉన్నారు. (నోటీసక్క హౌస్‌కీపింగులో చదువు వచ్చిన ఒకే ఒక్క మనిషి, గోడ మీద ఏ కాగితం అంటించినా అందరికీ చదివి వినిపించేది.) కుడి చివర సెక్యూరిటీ గేటు మామ, లిఫ్టు దగ్గర ఉండే లిఫ్టన్న. ఈ ఐదుగురినీ అంచులకు ఎవరు తోశారంటే, సగం ఆ కంపెనీ మర్యాద, సగం నేను.

అయినా పట్టలేదు. వెనక్కి జరుగుదామంటే కార్లు వచ్చే దారి. "ఏవండీ, ఎండ మండిపోతోందండీ, కానివ్వండి త్వరగా!" అని పక్కన గొడుగు కింద నుంచి అడ్మిన్ సారు అరుపు. తిప్పాను, పదకొండుకు. కెమెరాలో కన్ను పెడితే మూలలన్నీ నల్లగా ఉన్నాయి. అప్పుడైనా బామ్మర్ది మాట గుర్తు రావాలా? రాలేదు. వారం కిందటే కొత్తగా కళ్ళద్దాలు పెట్టాను. అవి అడ్డొచ్చి కన్ను సరిగా ఆనక అంచులు నల్లబడ్డాయనుకున్నాను. ఐదుసార్లు నొక్కి, వెనక తెరలో చూసుకుంటే ఆ ఎండకు నా మొహం తప్ప ఏమీ కనబడలేదు. మొహం బాగానే ఉంది. ధీమాగా చేయి ఊపాను.

సాయంత్రం బామ్మర్ది కంప్యూటర్లో చూస్తే, గుండ్రటి కిటికీలోంచి చూసినట్టు నడుమ కంపెనీ, చుట్టూ కాటుక. "వెలుగు పెంచురా," అన్నాను. "ఏడ పెంచాలె బావా? వెలుగే పడని కాడ మనిషిని యాడికెల్లి తేవాలె?" అని వాడు తల పట్టుకున్నాడు. మర్నాడు తిట్లు తినడానికి సిద్ధమై, క్షమాపణ నాలుగు రకాలుగా బట్టీపట్టి పోయాను. అడ్మిన్ సారు ఫోటో చూసి, "చాలా బాగుందండీ! ఆ మూలలు కట్ చేసి ఫ్రేమ్ కట్టించేయండి," అన్నాడు. "సార్, మూలల్లో మనుషులున్నారు," అన్నాను. "ముఖ్యమైనవాళ్ళంతా వచ్చేశారు కదండీ!" అని భుజం తట్టాడు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. తిట్టి ఉంటే బాగుండేది. నా తప్పు వాళ్ళకు తప్పుగా కనబడనే లేదు! ఇంకా సిగ్గుమాలిన సంగతి వినండి: ఆ మంట నెత్తికెక్కేలోపు నేను "థాంక్యూ సార్" అనేశాను. గండం గడిచిందని లోపల హాయిగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళయినా నా కోపమంతా ఆ హాయి మీదే.

ఇంటికొచ్చి, కట్ చేయని ప్రింటు మా ఆవిడ చేతిలో పెట్టాను. ఈ చివరి నుంచి ఆ చివరికి వేలు నడిపించింది. "నేనేది?" నల్లటి మూల చూపించాను. ఆ నలుపు మీద వేలు ఆనించి, "జరుగు జరుగుమనుకుంట చీకట్ల దొబ్బినవ్ గదయ్యా," అంది. నెలరోజులు కూరలో ఉప్పు లేదు. అడిగితే, "ఉంది, మూలకున్నది, కనబడత లేదేమో," అనేది.

నోటీసక్క దగ్గరికి క్షమాపణకు పోతే నవ్వింది. "నన్ను మింగినోనికి నేనే అక్షరాలు నేర్పుత, కూసో. కనబడకుంటే రాయాలె. రాసుడు నేర్చుకో అన్నా." ఆదివారాలు ఆమె కిరాయి గదిలో పలక పట్టాను. యాభైకి చేరువైనవాణ్ణి 'ఠ'లో చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక గింగిరాలు తిరిగితే, మా ఆవిడ వాకిట్లో కూర్చుని, "జర పక్కకు జరుపు, ఇంకొంచెం, ఇంకొంచెం," అని పగతీర్చుకునేది.

ఇప్పుడు అరవై దాటాను. అద్దాల మేడలో వేరే కంపెనీ ఉంది. ఫోటో మా గోడ మీదుంది, తిప్పి చూస్తే వెనకవైపు నా తొలి దస్తూరీ, వంకరటింకరగా. నడుమ కుర్చీలవాళ్ళ పేర్లు నాకు తెలియవు, వాళ్ళ మొహాలున్నాయి, చాలు. రాసింది ఇదీ: ఆ రోజు మెట్ల మీద ఎడమ చివర చాయ్ పెద్దమ్మ, నోటీసక్క, బంతిపూల చీరలో మా ఆవిడ. కుడి చివర గేటు మామ, లిఫ్టన్న. పక్కన గొడుగు కింద అడ్మిన్ సారు. కెమెరా వెనక, కొత్త కళ్ళద్దాలతో, నేను.