ఏడు బోర్లున్న పొలం

ఏ పొలానికి ఏ పంట సరిపోతుందో చెప్పే ప్రోగ్రాం ఒకటి మూడేళ్లుగా రాస్తున్నాను. రైతులకు తెలిసినదంతా 'ఇలా ఉంటే ఇలా చేయాలి' అనే నియమాలుగా మార్చి అందులో పెట్టాను. ఈ రోజు దాన్ని పరీక్షించడానికి కుందుర్పి దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. ఓబులేసు అనే రైతు తన చేనిలో ఏడు బోర్లున్నాయంటే ఆ సంఖ్యే కొట్టాను. నీటికి కొదవ లేదు, వరి వేసుకోమంది ల్యాప్‌టాప్.

ఓబులేసు నవ్వనైనా లేదు.

"ఏడూ ఎండిపోయినాయప్పా. ఒకదాంట్లో నీళ్లు పడింటే ఇంకోటి ఎందుకేస్తాం? బోర్లు ఎక్కువున్నాయంటేనే ఆడ నీళ్లు లేవని."

బోరుంటే నీళ్లుంటాయని నియమం రాసిన మహానుభావుణ్ణి నేనే. గట్టు మీద కూర్చుని దాన్ని సరిచేసి మళ్లీ అడిగాను. ఈసారి పంట పేరు రాలేదు. 'ఈ పొలానికి ఏ నియమమూ వర్తించదు' అని వచ్చింది. చదివి వినిపించాను.

"ఇప్పుడు నిజం చెప్పినాది" అని ఓబులేసు లేచి గొర్రెల వైపు వెళ్లిపోయాడు.

మూడేళ్లలో నా ప్రోగ్రాం ఇచ్చిన మొదటి సరైన జవాబు అది. ఆ చేనికి వర్తించే నియమం మీకెవరికైనా తెలిస్తే కింద రాయండి. నాకైతే తోచడం లేదు.