ప్రత్యర్థి ట్రక్కులో ఎమ్మెల్యే ఆంటీ

ఆ రోజుల్లో కెనడాలోని సస్కటూన్‌లో ఏ ఇంటి బేస్‌మెంట్ తలుపు తట్టినా ఇద్దరు ముగ్గురు తెలుగు స్టూడెంట్లు బయటికి వచ్చేవాళ్లు. చదువు సగం, పార్ట్‌టైమ్ జాబ్ సగం, మిగతాదంతా చలి. అలాంటి మాలో ఒక శీతకాలం ఉన్నట్టుండి రాజకీయ చైతన్యం పుట్టుకొచ్చింది. రాష్ట్ర శాసనసభకు ఉప ఎన్నిక వచ్చింది, మన ఆంటీ ఒకావిడ పోటీకి దిగారు (ప్రచారానికి వెళ్లినవాళ్లకు పులిహోర పెట్టేవారన్నదీ నిజమే). గుంటూరు వైపు మనిషి, నేలల మీద పరిశోధన చేసేవారు. చుట్టుపక్కల ఊళ్లకు బస్సు కావాలన్నది ఆవిడ ప్రచారం. నామినేషన్ వేసిన రోజే మేం ఆవిడకు ఎమ్మెల్యే ఆంటీ అని పేరు పెట్టేశాం. ఇక గెలవడమొక్కటే మిగిలింది.

పోలింగుకు ముందు, ఊరి చివరనున్న ఒక హాల్లో అభ్యర్థుల చర్చ పెట్టారు. ఆంటీ డ్రైవ్ చేస్తున్నారు. పక్క సీట్లో నేను, ఒళ్లో ఆవిడ ఫొటో ఉన్న అట్టలు. అధికార పార్టీ తరఫున నిలబడ్డ ముసలి రైతును చర్చలో దెబ్బకొట్టడానికి ఆవిడ ఒక మాట సిద్ధం చేసుకున్నారు. "ఈయన మన రోడ్ల మీద ఎప్పుడైనా ఒక్కసారి ఆగారా?" అని గట్టిగా రెండుసార్లు అన్నారు. మూడోసారి అంటుండగా కారు రోడ్డు మీద కంటికి ఆనని మంచుపొర మీద జారి, మెల్లగా, ఎంతో మర్యాదగా రోడ్డు పక్క గుంటలోకి దిగిపోయింది.

ఇద్దరికీ దెబ్బల్లేవు. కారు మాత్రం కదల్లేదు. కారును బయటికి లాగే టోయింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. చర్చ మొదలవడానికి అంత టైమ్ లేదు.

"ఇప్పుడెట్ల ఆంటీ?" అన్నాను. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఉండమ్మా, ఎవరో వస్తున్నారు."

వచ్చిన పికప్ ట్రక్కు ఆగింది. అద్దం దిగింది. ఆయనే, ముసలి రైతు. ఎక్కమని సైగ చేశారు. దారంతా ఆయన గోధుమల గురించి మాట్లాడారు, ఆంటీ నేలల గురించి చెప్పారు. వెనక సీట్లో నేను అట్టలను బోర్లించి పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాను.

"ఆంటీ, ఆ మాట అంటరా ఇంక?" అని తెలుగులో గుసగుసలాడాను.

"అదే ఆలోచిస్తున్నా. నువ్వు మాట్లాడకు."

హాలు కిక్కిరిసి ఉంది. చర్చ వేడెక్కింది. ఆంటీ వంతు రాగానే ఆవిడ లేచి ఆయన వైపు తిరిగారు. "ఈయన మన రోడ్ల మీద..." అని ఆగిపోయారు. ఎవరో దగ్గారు.

"ఆగుతారు," అన్నారు ఆంటీ. "ఇందాక నా కారు గుంటలో పడితే ఈయనే ఆగి ఎక్కించుకొచ్చారు. చాలా థ్యాంక్స్. కానీ కారు చెడిన ప్రతివాళ్లకీ ఈయన ఎదురుపడరు కదండీ. అందుకే మన ఊళ్లకు బస్సు కావాలంటున్నా."

హాలంతా నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ ముసలాయనే.

ఆంటీ ఓడిపోయారు. మర్నాడు ఇళ్ల ముందు గడ్డకట్టిన నేలలో పాతిన ప్రచార అట్టల కర్రలు పీకుతూ నేను ఏడుస్తుంటే, "పిచ్చిపిల్లా, పద, ఇంకో వీధి ఉంది," అన్నారు.

ఇప్పుడు నాకు ఇక్కడ ఓటుంది. బ్యాలెట్ మడిచి పెట్టెలో వేసి నిమిషంలో బయటికి వచ్చేస్తాను. ఓటే లేకుండా, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఇల్లిల్లూ తిరిగిన ఆ పిల్లకు ఎన్నికలంటే అంత ప్రాణం ఎందుకో, దాన్ని కూర్చోబెట్టి అడగాలనిపిస్తుంది.