తప్పులు నేయమన్న పెద్దమనిషి

మొన్న కర్నూలులో ఒక పెద్ద బట్టల దుకాణంలో, చీర అంచుకు వేలాడుతున్న అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: ఇందులో కనిపించే పోగుల ముళ్ళు లోపాలు కావట, చేతిపనికి ఆనవాళ్ళట. ఆ లెక్కన ఈ జిల్లాలో నా అంతటి నేతగాడు ఇంకొకడు పుట్టలేదు. ఎనిమిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టి మగ్గం గుంతలోకి దిగిన నేను నేసిన దాంట్లో ముళ్ళే తప్ప గుడ్డ కనపడేది కాదు. నా మొదటి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకున్న మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, వీపు గోక్కోవడానికి బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, నన్ను మగ్గం దించి సైకిలెక్కించి, వెనక గుడ్డల మూట కట్టి అమ్ముకు రమ్మని పంపేశాడు.

మామ నేసిన చీరను ఎండకు ఎత్తిపట్టి వెతికినా పోగు ఎక్కడ తెగిందో, ఎక్కడ అతికిందో ఎవరూ చెప్పలేకపోయేవారు. మా నేతపేటలో ముడి కనపడిన చీరను అమ్మడం నామర్దా. అలాంటి చీర నేసినవాడి ఇల్లాలి ఒంటి మీదికే పోవాలి. అందుకే బోరింగు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ కోకలు చూస్తే ఎవరి మొగుడి చెయ్యి ఎలాంటిదో పేటకంతా తెలిసిపోయేది. మా అత్తకు మగ్గం మీది కోక ఏళ్ళ తరబడి దక్కలేదు. ఆమె గర్వమంతా అదే.

రెండువేల సంవత్సరం దాటాక మరమగ్గాల చీరలు వచ్చిపడి, మా వాళ్ళు ఒక్కొక్కరే బెంగళూరు కూలిపనులకు బస్సెక్కుతున్న రోజుల్లో, నగరం నుంచి ఒక సంస్థవారు వచ్చి, నేలకూ నీటికీ చెరుపు చేయని వ్యాపారం, నేసేవాడే యజమానిగా ఉండే వ్యాపారం సంఘంగా పెట్టుకుందామన్నారు. దానిమ్మ తొక్కలతో, కరక్కాయలతో రంగులు కాచాం. రంగునీళ్ళు పారిన కాలువలో కోళ్ళు చావడం మానేశాయి. నోరున్నవాణ్ణని అమ్మకాలు నాకప్పగించి, నా పేరు కింద సామాజిక వ్యాపారి అని కార్డు కొట్టించారు. మూటలు డోన్‌లో రైలెక్కిస్తుంటే నేనే రైలు నడుపుతున్నంత మిడిసిపాటు నాకు.

అట్లా నాలుగైదేళ్ళు గడిచాక, మా చీరలన్నీ కొనే నగరపు దుకాణాల తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. మామ చీరను అటూ ఇటూ తిప్పి చూసి, "మరీ ఇంత నున్నగా ఉంటే మిషను గుడ్డ అనుకుంటున్నారండీ. అక్కడక్కడా ముళ్ళు కనపడనివ్వండి, చేత్తో నేసినట్టుంటుంది" అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

"చేత్తో నేస్తేనే సామీ ఇట్లుండేది," అన్నాడు మామ.

"ముళ్ళ కోకలకు నా మొగుడెందుకు? ఎదురింటి దండెం మీద శానా ఉండాయి, పట్టకపోండి," అంది వాకిట్లోంచి అత్త.

ఆ పెద్దమనిషి కాదంటే మగ్గాలన్నీ ఆగిపోతాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. ముళ్ళే కావాలంటే నన్ను దించండి గుంతలోకి అని నేనొక జోకు విసిరాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే ఆయనకు సరేనన్నాను. మామ ఒక్కడే నవ్వలేదు. "ఈ వయసులో నాకు తప్పు నేసేది రాదు అల్లుడా. వచ్చినోళ్ళతో నేయించుకో," అని సంఘం నుంచి తప్పుకున్నాడు. కొన్నాళ్ళు ఊళ్ళో పెళ్ళిళ్ళకు నేసి, అదీ ఆగిపోతే, బేతంచెర్ల దగ్గర బండల ఫ్యాక్టరీలో కాపలాకు కుదిరాడు. అలాంటి చేతులకు లాఠీ ఇచ్చారు!

మిగతావాళ్ళు ముళ్ళు నేశారు, సరుకు పోయింది, నగరంలో నన్ను వేదికెక్కించి శాలువా కప్పారు. అంతలోనే మరమగ్గాలవాళ్ళు నూలులోనే ఉండలు పెట్టి, మా ముళ్ళకు నకలు ముళ్ళు తీశారు. దుకాణాలు అటు తిరిగాయి. పోనీ, మళ్ళీ నున్నగా నేసి గెలుద్దామంటే, ఆ మధ్యలో మగ్గమెక్కిన పిల్లలకు ఆ చెయ్యే అబ్బలేదు. ముడి పడితే కాళ్ళతో తొక్కడం ఆపి సరిచేసుకోవాలని వాళ్ళకెవరు చెప్పారు గనక? అట్లాగే పోనిమ్మని చెప్పినవాణ్ణి నేనే.

ఇప్పుడు పేటలో నడిస్తే ఇంటింటా టీవీ మోతే, మగ్గం చప్పుడు లేదు. గుంతలు పూడ్చి పైన టైల్సు పరిచారు. నున్నటి గుడ్డ అంటే ఏమిటో వేళ్ళతో తడిమి చెప్పగలిగినవాళ్ళు మా ఈడువాళ్ళలో పిడికెడుమంది మిగిలాం. మా తర్వాత అదొకటుండేదని కూడా ఎవరికీ తెలియదు.

మామ పోయాక ఒకసారి అత్తను చూడబోయి, మనల్ని ముంచింది ఆ నగరపు మనిషేనని నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను. అత్త చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"ఆయప్పనెందుకు తిడతాండావు అల్లుడా? ఆయప్పకు గుడ్డ తెలీదు, అడిగినాడు. నీకు తెలుసు గదప్పా."