భీమేశ్వరరావు ఇంట్లో సాలెపురుగులు

భీమేశ్వరరావు ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ సంగతులన్నీ ఈ ఒక్క కొలతలోంచే వచ్చాయి. బి.కాం. ఫస్టు క్లాసులో పాసయ్యాడు, అది ఎవరికీ గుర్తు లేదు. కాకినాడలో రోడ్లు భవనాల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు, అదీ ఎవరికీ గుర్తు లేదు. స్టూలు ఎక్కకుండా పై అరలో ఫైలు తీసి ఇచ్చే మనిషిగా మాత్రం ఆ ఆఫీసులో అందరికీ గుర్తున్నాడు. వీడ్కోలు సభలో ఇంజనీరు గారు ఆయన్ని పొగడడానికి వేరే మాట దొరక్క, "భీమేశ్వరరావు గారు వెళ్ళిపోతే మనకి పై అర అందదండీ" అన్నారు. అందరూ నవ్వారు. భీమేశ్వరరావు అందరికంటే గట్టిగా నవ్వి, ఇంటికొచ్చాక సభలో వేసిన దండని పై అరలో పడేశాడు.

పెళ్ళిచూపుల్లోనూ ఇదే కథ. అమ్మణ్ణి నాలుగడుగుల పదంగుళాలు. పెళ్ళికొడుకు గుమ్మం దగ్గర నడుం వంచి లోపలికి రావడం చూసి ఆవిడ మేనత్త, "ఈ అబ్బాయుంటే బూజు దులపడానికి మనుషుల్ని పెట్టుకోనక్కర్లేదే!" అంది. సంబంధం ఆ మాటతోనే ఖాయమైపోయిందని ఆ వైపు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మేనత్త మాట అక్షరాలా నిజమైంది. ముప్పై ఏడేళ్ళ కాపురంలో భీమేశ్వరరావు వంటింట్లో అడుగుపెట్టింది లేదు, పిల్లాడికి లెక్కలు చెప్పింది లేదు, భార్యతో కూర్చుని తీరిగ్గా నాలుగు మాటలాడిందీ లేదు. ఆఫీసు నుంచి వచ్చి పేపరు వెనక్కి వెళ్ళిపోయేవాడు. కానీ బూజు కనబడిందని అమ్మణ్ణి కేకేస్తే చాలు, పేపరు పక్కన పడేసి, తలకి తువ్వాలు చుట్టుకుని, దండయాత్రకి బయల్దేరినట్టు లేచేవాడు. ఆవిడ కింద నిలబడి వేలు చూపించేది, ఈయన పైన దులిపేవాడు. కింద పడ్డ దాన్ని ఆవిడ ఊడ్చేది. దాన్నే ఆయన సంసారం అనుకున్నాడు. అందులో తప్పు కూడా ఏం లేదు, చాలామంది సంసారాల్లో ఆ మాత్రం కూడా ఉండదు.

రిటైరైన ఏడాదికి, కొడుకు ఉదయ్ భాస్కర్ హైదరాబాదు తెల్లాపూర్‌లో కొన్న ఫ్లాట్‌లో, కోడలితో కలిపి నలుగురూ చేరారు. తొమ్మిదో అంతస్తు. ఆ ఇంట్లో భీమేశ్వరరావుకి లోటంటూ లేదు, పనంటూ లేదు. పాల ప్యాకెట్లు తలుపుకి తగిలించిన సంచీలో పడతాయి. ఫోన్‌లో నొక్కితే పావుగంటలో కూరలొస్తాయి. బల్బు పోతే మెయింటెనెన్స్ వాళ్ళు వస్తారు. వంటింట్లో పై అరల కోసం కోడలు రసజ్ఞ మూడు మెట్ల మడత నిచ్చెన తెప్పించి, "మామయ్యగారూ, ఇంక మీరు శ్రమపడకండి" అంది. ఆ పిల్ల మంచిది, మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. కానీ ఆ నిచ్చెన కంటపడినప్పుడల్లా ఆయనకి తన సీటులో ఇంకెవరినో వేసినట్టుండేది.

ఇక మిగిలింది బూజు. కొత్త ఇల్లు, కొత్త సున్నం, తొమ్మిదో అంతస్తు. నాలుగు నెలలు ఒక్క సాలెపురుగైనా రాలేదు. భీమేశ్వరరావు పొద్దున్నే కాఫీ తాగి, చేతులు వెనక్కి కట్టుకుని, తల పైకెత్తి గది గదీ తిరిగేవాడు. నాలుగు మూలలూ అద్దంలా ఉండేవి. ఆయన ప్రాణం ఉసూరుమనేది.

అయిదో నెలలో వాషింగ్ మెషీన్ పెట్టిన వెనక బాల్కనీలో, గోడకీ పైపుకీ మధ్య, అగ్గిపుల్ల తలంత సాలెపురుగు కనబడింది. ఏ గాలికి కొట్టుకొచ్చిందో! భీమేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. అమ్మణ్ణిని పిలవబోయి, నోరు మూసుకున్నాడు. ఇప్పుడే దులిపేస్తే రేపేముంటుంది?

అక్కడ మొదలైంది ఆయన పాపం. ఫోన్‌లో 'ఇంట్లోకి సాలెపురుగులు రాకుండా పది చిట్కాలు' అని ఎవరో మహాతల్లి చేసిన వీడియో దొరికింది. చీకటి పడ్డాక బాల్కనీ లైటు ఆర్పెయ్యండి, వెలుగుకి దోమలొస్తాయి, దోమల కోసం సాలెపురుగులొస్తాయి అంది. ఈయన రోజూ సాయంత్రం ఆరింటికి లైటు వేసి వదిలేశాడు. దోమల జాలీ తలుపు మూసి ఉంచండి అంది. ఈయన జానెడు తెరిచి, మూసుకుపోకుండా బట్టల క్లిప్పు పెట్టాడు. అట్టపెట్టెలు పోగెయ్యకండి అంది. ఇంటికొచ్చే పార్సిళ్ళ పెట్టెలన్నీ "పనికొస్తాయి, ఉంచండి" అని బాల్కనీ మూల పేర్చాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఒక ఉత్తర్వుని ఇంత శ్రద్ధగా చదివి అమలుచేసింది లేదు, కాకపోతే తలకిందులుగా. రెండు నెలలు తిరిగేసరికి పెట్టెల మధ్యా, మెషీన్ వెనకా, హాల్లో కర్టెన్ పైనా, ఎక్కడ చూసినా ఆయన చలవే.

దులపడానికి రోజు మాత్రం ఒక్కటే దొరికేది. మంగళవారం, శుక్రవారం బూజు దులిపితే లక్ష్మి వెళ్ళిపోతుందని అమ్మణ్ణి ముట్టుకోనివ్వదు. కొడుకూ కోడలూ సరిగ్గా ఆ రెండు రోజులే ఆఫీసుకి వెళతారు. సోమ, బుధ, గురువారాలు ఇద్దరూ ఇంట్లోనే పని, గదికొకరు తలుపేసుకుని కాల్స్. చీపురు చప్పుడు కూడా అమెరికాకి వినబడుతుందట. ఆదివారం పన్నెండింటి దాకా నిద్ర. మిగిలింది శనివారం. ఆ శనివారం కోసం భీమేశ్వరరావు వారమంతా పంట కాపు కాసినట్టు కాసేవాడు. దులిపేటప్పుడు కూడా అన్నింటినీ చంపకుండా, బొద్దుగా ఉన్న రెండింటిని పేపరు మీదికి ఎక్కించుకుని, భార్య చూడకుండా బాల్కనీలో దింపి వచ్చేవాడు. విత్తనానికి ఉండాలి కదా!

"తొమ్మిదో అంతస్తుకి ఇన్నెలా వస్తున్నాయండీ ఇవి?" అని కింద నిలబడి అమ్మణ్ణి ఆశ్చర్యపోయేది.

"హైదరాబాదు సాలెపురుగులే, ఇక్కడివి మహా మొండివి" అనేవాడు ఈయన పైనుంచి, ధూళిలో వెలిగిపోతున్న ముఖంతో.

ఒక బుధవారం కథ అడ్డం తిరిగింది. రసజ్ఞ ఆఫీసులో పైవాళ్ళందరితో కాల్‌లో ఉండగా, కర్టెన్ మీదనుంచి ఒకటి దారం పట్టుకుని జారి, సరిగ్గా కెమెరా ముందు వేలాడింది. అవతలి వాళ్ళకి అది అరచెయ్యంత కనబడిందట. రసజ్ఞకి అసలే సాలెపురుగంటే చచ్చేంత భయం. ఆ పిల్ల పెట్టిన కేకకి పక్కగదిలో ఉదయ్ భాస్కర్ తన కాల్ కట్ చేసుకుని పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికల్లా పురుగులమందు వాళ్ళని యాప్‌లో బుక్ చేశారు. శుక్రవారం పదింటికి. ఏడాదంతా మూణ్ణెల్లకోసారి వచ్చి కొట్టి వెళతారు, ఒక్కటి కూడా మిగలదు.

"శుక్రవారమా?" అంది అమ్మణ్ణి.

"అదొక్కటే ఖాళీ ఉందత్తయ్యా" అంది రసజ్ఞ.

ఒక్కటి కూడా మిగలదన్న మాట దగ్గరే భీమేశ్వరరావు ఆగిపోయాడు. ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. ఇంట్లో తనని పిలిచే కారణం అదొక్కటే, అది కూడా పోతే మిగిలేది సోఫా, తను. రెండింట్లో ఎవరు ఎక్కువ పనికొస్తారంటే సోఫాయే.

శుక్రవారం పిల్లలిద్దరూ ఆఫీసుకి వెళ్ళాక, మందు డబ్బా భుజాన వేసుకుని శివశంకర్ అనే ముప్పయ్యేళ్ళ మనిషి వచ్చాడు. వస్తూనే హాల్లో పైకి చూసి, "బాప్ రే! కొత్త బిల్డింగ్‌ల గిన్ని సాలెపురుగులేంది సార్?" అన్నాడు. పొడుగాటి బ్రష్షు తీసి మూలకి పెట్టబోతే అమ్మణ్ణి అడ్డుపడింది.

"బాబూ, బాబూ, ఇవాళ బూజు ముట్టుకోకు. శుక్రవారం. లక్ష్మి వెళ్ళిపోతుంది."

"బూజు తియ్యకుంట మందు కొడితే ఏం ఫాయిదా అమ్మా?"

"అదంతా నాకు తెలీదు. దులపడానికి వీల్లేదు."

"దులిపేది నేను గదమ్మా. మీకేం దోషం ఉండది. లక్ష్మి పోతే పోతది, ఎక్కడికి పోతది, నా వెంటనే మా ఇంటికొస్తది. జర రానియ్యరాదు!"

అమ్మణ్ణి అతని చేతిలోంచి బ్రష్షు లాక్కుని తలుపు వెనక పెట్టేసింది. భీమేశ్వరరావు ఒక మూల నిలబడి లోలోపల శుక్రవారానికి దండం పెట్టుకున్నాడు.

"సరే, బూజు రేపు మీరే తీసుకోండ్రి" అని శివశంకర్ రాజీపడ్డాడు. "ఇవి ఎక్కడికెల్లి వస్తున్నయో అదన్న చూస్తా, అక్కడ కొడతా."

గోడ వెంబడి వాసన పట్టినట్టు నడిచి తిన్నగా వెనక బాల్కనీలోకి వెళ్ళాడు. భీమేశ్వరరావు వెనకే వెళ్ళాడు. శివశంకర్ అట్టపెట్టెలు కదిపాడు, జాలీ తలుపు చూశాడు, క్లిప్పు పీకి చేతిలో పట్టుకున్నాడు, పట్టపగలు వెలుగుతున్న లైటు చూశాడు. ఈ హడావిడిలో పొద్దున దాన్ని ఆర్పడం ఈయన మరిచిపోయాడు.

"అమ్మా, జర ఇటు రాండ్రి. ఈ తలుపు కావాలని ఎవరో తెరిచి పెడుతున్నరు. లైటుకు దోమలొస్తయ్, దోమలకు ఇవొస్తయ్. ఈ డబ్బాలల్ల గుడ్లు పెడతయ్. ఎవరమ్మా గిట్ల చేస్తున్నది?"

అమ్మణ్ణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకెవరు, మా కోడలే! లైటు వెయ్యడమే గానీ ఆర్పడం ఎరగదు. రోజుకో పెట్టె తెప్పిస్తుంది. పైగా పురుగుని చూసి కేకలు! ఉండు, దీని సంగతి ఇప్పుడే తేలుస్తాను" అంటూ ఫోను తీసింది.

అత్తాకోడళ్ళు ఇన్నాళ్ళూ ఒక్క మాట అనుకోకుండా నెట్టుకొచ్చారు. ఇప్పుడు అది కాస్తా తన మూలంగా చెడేలా ఉంది. రింగు వినబడుతోంది. భీమేశ్వరరావు చెయ్యి చాచి, ఆవిడ చేతిలోని ఫోను అందుకుని కట్ చేశాడు.

"దాన్నేం అనకు అమ్మణ్ణీ. నేనే."

"ఏం నేనే?"

"లైటూ నేనే, తలుపూ నేనే. పెట్టెలు ఉంచమన్నదీ నేనే. నేనే పెంచాను వీటిని."

శివశంకర్ నోరు తెరిచాడు. "పదకొండేండ్ల నుంచి ఈ పనిల ఉన్న సార్. సంపమన్నోళ్ళనే చూసిన గని, పెంచెటోళ్ళను చూసుడు ఇదే మొదలు."

"ఎందుకండీ?" అంది అమ్మణ్ణి. ఆవిడ గొంతులో కోపం ఇంకా రాలేదు, దారిలో ఉంది.

ఆయన తల దించుకున్నాడు. అంత పొడుగు మనిషి తల దించుకుంటే చూడ్డానికి చాలా కష్టంగా ఉంటుంది.

"నువ్వు నన్ను పిలిచేది దానికొక్కదానికే కదే. అవి లేకపోతే ఈ ఇంట్లో నాతో ఎవరికి పని?"

అమ్మణ్ణి శివశంకర్ కేసి తిరిగి, "కొట్టు బాబూ. మూలమూలకీ కొట్టు. ఒక్కటి కూడా మిగలకూడదు" అంది.

అతను కొట్టాడు. వెళ్ళిపోతూ, "ఫికర్ చెయ్యకు సార్, అలవాటైతది" అని భీమేశ్వరరావు భుజం తట్టబోయి, అందక మోచెయ్యి తట్టి పోయాడు. తలుపు వేశాక అమ్మణ్ణి కోపం వచ్చి చేరింది.

"పురుగుల్ని పెంచుకున్నారు గానీ, 'అమ్మణ్ణీ, నాకు తోచడం లేదు' అని ఒక్క మాట నాతో అనలేకపోయారా? ముప్పై ఏడేళ్ళయింది. నాకంటే ఆ పురుగులు దగ్గరైపోయాయా మీకు?"

అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు శనివారం, ఆయన మిగిలిన బూజంతా ఒక్కడే దులిపాడు. ఆవిడ కింద నిలబడలేదు, వేలు చూపించలేదు. ఆ వారమంతా ఇంట్లో రసజ్ఞ ఒక్కతే సంతోషంగా ఉంది. ఎందుకంటే ఎవరూ ఆ పిల్లకి ఏమీ చెప్పలేదు. భీమేశ్వరరావు పైకి చూడడం మానేసి, ఎదురు టవర్‌లో అద్దాల లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కి దిగుతోందో చూస్తూ కూర్చున్నాడు. మనిషి రెండంగుళాలు తగ్గినట్టు కనబడ్డాడు.

తర్వాతి శనివారం పిల్లలిద్దరూ ఏదో పుట్టినరోజు భోజనానికి మణికొండ వెళ్ళారు. పదకొండు దాటింది. హాల్లోంచి అమ్మణ్ణి గొంతు వినబడింది.

"ఏం చేస్తున్నారు? ఇక్కడికి వస్తారా?"

భీమేశ్వరరావు ఎంత గబుక్కున లేచాడంటే తువ్వాలు తలకి చుట్టుకుంటూనే వచ్చాడు. అమ్మణ్ణి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు రెండు కాఫీ గ్లాసులు.

"ఎక్కడే?" అన్నాడు ఆయన, అప్పటికే తల పైకెత్తి. కిటికీ మూల చూశాడు. ఫ్యాను చుట్టూ చూశాడు. కర్టెన్ పైన చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. "ఏదీ? నాకు కనబడ్డం లేదు. ఏ మూల?"

"ఏ మూలా లేదు."

"మరి ఎందుకు పిలిచావు?"

"ఊరికే పిలిచాను. కాఫీ చల్లారిపోతోంది, కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఊరికే పిలిస్తే ఏం చెయ్యాలో తెలియక, గ్లాసు పట్టుకుని, అలవాటు చొప్పున మళ్ళీ పైకి చూశాడు.

"పైకి కాదండీ" అంది అమ్మణ్ణి. "ఇటు, నాకేసి చూడండి."