తడి దూది మీద ఎరుపు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేసే రకం నేను. కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దానంతట అదే పైకి వెళ్తుంటే అందరూ వణికారు. నేను మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు.

హైటెక్ సిటీ అంటే అందరికీ కంప్యూటర్లే గుర్తొస్తాయి. ఆ అద్దాల మేడల వెనక మాదో చిన్న కంపెనీ. పలుచని ప్లాస్టిక్ పొరలు చేస్తాం. వాటిని అయాన్లను ఉరికించే యాక్సిలరేటర్ యంత్రం దగ్గరికి పంపి, వేగంగా దూసుకొచ్చే అయాన్లతో కొట్టిస్తాం. తర్వాత క్షారంలో నానబెడితే, అయాన్ దూసుకెళ్లిన ప్రతిచోటా కంటికి కనిపించని రంధ్రం పడుతుంది. పసిపిల్లలకు సెలైన్ ఎక్కించే గొట్టంలో వడపోతకు ఆ పొర.

దాన్ని కలగన్నది మా పద్మ మేడమ్. కాకినాడ మనిషి. మెత్తగా మాట్లాడుతూనే హడలెత్తించేవారు. పొర తయారయ్యే శుభ్రమైన గది గుమ్మంలో తడి దూదితో నిలబడి, "బొట్టు బయటే అండి, లోపల మన దేవుడు ఈ పొరే," అంటూ మా నుదుళ్లు తనే తుడిచేవారు. నిరుడు గుండెపోటుతో పోయారు.

దసరా తర్వాత మొదలైంది గొడవ. పొర ముక్కను పరీక్షకు అణు రియాక్టర్‌కి పంపుతాం. అక్కడ న్యూట్రాన్లు తగిలితే అందులోని మూలకాలు గామా కిరణాలతో తమ ఆచూకీ తామే చెప్పేస్తాయి. రవ్వంత ఉన్నా దాగదు. ప్రతి ముక్కలోనూ పాదరసం! క్షారం మార్చాం, నీళ్లు మార్చాం, ప్లాస్టిక్ మార్చాం. పోలేదు. ఇంకొక్క బ్యాచ్ చూస్తామని, అదీ తప్పితే ఒప్పందం రద్దని కొనేవాళ్లు తేల్చేశారు. అంటే కంపెనీ మూత, మేడమ్ కష్టమంతా మట్టిపాలు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. నేనొక్కదాన్నే లోపలికెళ్లి ఆఖరి బ్యాచ్ మొదలుపెట్టబోతున్నాను. నుదుటి మీద చల్లగా తగిలింది. తడి దూదితో తుడిచినట్టే. కనుబొమల దాకా టోపీ ఉంది; లోపలికి తడి తగిలే వీల్లేదు. భయమేసింది, ఎందుకు దాచాలి.

తల ఎత్తితే, పైన గాలి వదిలే పెట్టె అంచు మీద దూది ఉండ. నిచ్చెన వేసుకుని చూశాను. ఆ గాలికి తడి గుడ్డయినా ఇట్టే ఆరిపోతుంది. అది తడిగా ఉంది, ఎర్రగా ఉంది. పక్కనే సగం చెరిగిన కుంకుమ బొట్టు.

మెషిన్లు చూసుకునే యాదగిరిని పిలిచాను.

"కొత్త పెట్టె బిగించినం గద మేడమ్, దసరాకి బొట్టు పెట్టకుండ ఎట్ల నడుపుతం? జరంత పెట్టిన, గంతే," అన్నాడు. దూది సంగతి అడిగితే బిక్కమొహం వేశాడు. "ఆ దినం సంది నేను నిచ్చెన ఎక్కనే లేదు."

అతని మీద కోపం రాలేదు. అసలు దొంగ ఆ కుంకుమేనని తేలి ఎగిరి గంతేయాలనిపించింది. చౌకరకం కుంకుమలో పాదరసం కలుస్తుంది; అదే గాలికి రాలి పొర మీద పడుతోంది. పెట్టె విప్పి కడిగాం, బ్యాచ్ పూర్తిచేశాం. పట్టకారుతో తీసిన ఆ దూదినీ పొరతోపాటు పరీక్షకు పంపాను.

ఫలితం వచ్చింది. పొరలో పాదరసం జాడే లేదు! మా కేకలకు పక్క ఆఫీసు వాళ్లు తలుపు తట్టారు. యాదగిరి మిఠాయి డబ్బా నెత్తిన పెట్టుకుని చిందులేశాడు. నేను ఏడ్చేశాను. ఇవాళ ఆ పొర దవాఖానాల్లో పసివాళ్ల పక్కన పనిచేస్తోంది.

ఇక దూది. అందులో కుంకుమ తాలూకు పాదరసం ఉంది, సరే. ఉత్త చేత్తో పట్టుకుంటే చెమట ఉప్పు అంటాలి. మేం వాడే గ్లవ్స్‌తో పట్టుకుంటే వాటిలోని జింక్ అంటాలి. ఆ రెండూ లేవు. అంటే ఆ దూదిని ఏ చెయ్యీ పట్టుకోలేదు.

ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు. గెలిచిన రోజు మేడమ్ ఫొటోకి అందరూ దండ వేశారు. యాదగిరి కుంకుమ భరిణె తెచ్చాడు. నేను వద్దని, ఫొటో ముందు తడి దూది పెట్టాను.